ఆయుధపూజ నాడు పెరిగిన కరెంటు

కర్నూలులో నా గురించి ఒక కథ తిరుగుతోంది. అది మూడు రకాలుగా ఉంది. మొదటి రకంలో, కాలేజీ ఫిజిక్సు లాబరేటరీలో ఒక యంత్రానికి పెట్టిన కుంకుమ బొట్టును నేను చెరిపేసరికి యంత్రం ఆగిపోయింది. రెండో రకంలో యంత్రంతో పాటు నా నోరు కూడా పడిపోయింది; మళ్ళీ బొట్టు పెట్టాక రెండూ పనిచేశాయి. మూడో రకంలో నేను మహానందికి పోయి గుండు చేయించుకున్నాను. నా బట్టతల చూసినవాళ్ళు ఈ మూడోదాన్నే ఎక్కువగా నమ్ముతారు.

దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చి, కరపత్రాలు అచ్చువేసి, కర్నూలు, కడప రెండు జిల్లాల్లోనూ పురోహితుల చేత తిట్లు తిన్న మనిషిని నేను. అటువంటి నన్ను పట్టుకొని కుర్రవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు: "విభూతితో కరెంటు పెరిగిందట కదా, నిజమేనా?" పెరిగిన మాట నిజం. తగ్గిన మాటా నిజమే. మధ్యలో జరిగింది మాత్రం ఎవరూ అడగరు. మహిమ కథలన్నిటికీ మధ్యభాగమే లోపిస్తుంది. ఆ భాగం ఇది.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆఖరి ఏడాది అది. గుడారాల్లో నడిచిన ప్రభుత్వ కచేరీలన్నీ మూటలు కట్టుకుంటున్నాయి. బీరువాలు, కుర్చీలు, గోడగడియారాలు లారీలెక్కి హైదరాబాదుకు పోతున్నాయి. రాజధాని వచ్చినప్పుడు ఊరికి ఏమేమి వచ్చాయో మాకు సరిగ్గా తెలియలేదు గానీ, పోతున్నప్పుడు ఒక్కొక్కటీ కళ్ళకు కనిపించింది.

అట్లా పోవలసిన వస్తువుల్లో మా లాబరేటరీలోని వాక్యూమ్ పంపు ఒకటి. రాజధాని వైభవంలో ఎవరో పెద్ద అధికారి మనసు కరిగి మా కాలేజీకి ఇప్పించిన విదేశీ పంపు. గాజు గొట్టంలోంచి గాలిని తోడేస్తుంది. అటువంటిది అప్పట్లో మా రెండు జిల్లాల్లో ఇంకెక్కడా లేదు. గాలి తోడే పంపు లేకపోతే మా పెద్దసారు చేస్తున్న పని ఆ పూటతో ఆగిపోతుంది.

పెద్దసారంటే మా ఫిజిక్సు శాఖకు పెద్ద. ఆలూరు దగ్గర మెట్టపొలాల రైతుబిడ్డ. వాన కోసం ఆకాశం వైపు చూసే ఇంట్లో పుట్టి, ఆకాశం వైపు చూడడం మానేసి పరమాణువు వైపు చూడడం మొదలుపెట్టినాయన. అక్కడా ఇక్కడా ఎదురుచూపు మాత్రం ఒకటేనని ఆయనే అనేవాడు.

ఆయన పట్టుకున్న పని వినడానికి చిన్నది. హైడ్రోజన్ పరమాణువులో ఒకే ఎలక్ట్రాన్ ఉంటుంది. దానికి ఇంకొకటి తగిలించాలి. అప్పుడది రుణ విద్యుత్తు గల అయాను అవుతుంది. దీనివల్ల లాభమేమిటని, ఆయన కింద డిమాన్‌స్ట్రేటరుగా చేరిన మొదటిరోజే నేను అడిగాను. ఆయన ఎద్దులబండి సాయంతో చెప్పాడు.

"మా ఊరినుంచి ఆదోనికి పత్తి బండి పోతాదా? తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తే అవే ఎద్దులకు సగం కూలి. కిరసనాయిలు డబ్బాలు వేసుకొని వస్తే రెండు పక్కలా దుడ్లు. ఇదీ అంతే అప్పా. కణాలను ఉరికించే పెద్ద యంత్రంలో నడిమధ్యన ధన విద్యుత్తు ఉంటాది. మన రుణ అయాను దాని వైపు ఉరుకుతాది. ఆడ దాని ఎలక్ట్రాన్లను రెంటినీ ఊడబెరికితే అది ధన అయాను అయిపాయ. అప్పుడు అదే విద్యుత్తు దాన్ని అవతలికి తోస్తాది. ఒకే బండి, రెండు బాడుగలు."

ఆ పెద్ద యంత్రం మా దగ్గర లేదు. దేశంలో ఎక్కడైనా ఉందో లేదో కూడా మాకు తెలియదు. ఎద్దులు లేకుండానే మేము సరుకు కట్టుకుంటున్నాం. అయినా ఎవరైనా పెద్ద యంత్రం కట్టిననాడు ఇటువంటి అయాన్లు కావాలి గదా, వాటిని పుట్టించే గొట్టం కర్నూలులో తయారు కాకూడదని ఏ శాస్త్రంలో ఉంది అనేది ఆయన వాదం. అందులో నాకు తప్పు కనపడలేదు. ఇప్పటికీ కనపడదు.

మా గొట్టం నల్లటి కడప బండ మీద నిలబడి ఉండేది. ఒక చివర వేడి తీగ. దానిచుట్టూ, కెమిస్ట్రీ వాళ్ళు జింకు మీద ఆసిడ్ పోసి ఇచ్చే హైడ్రోజన్. రెండో చివర ఒక లోహపు గిన్నె. గిన్నెలో పడే కరెంటును గాల్వనామీటరు కొలుస్తుంది. గాల్వనామీటరు అద్దం నుంచి ఒక వెలుగు చుక్క ఎదురుగోడ మీది కొలబద్ద పైన పడుతుంది. కరెంటు ఎక్కువైతే చుక్క ఎక్కువ జరుగుతుంది. మా బతుకంతా ఆ చుక్కలో ఉండేది.

చిక్కల్లా ఒకటే. గొట్టంలో అయాన్లు అరుదుగా పుడతాయి. ఎలక్ట్రాన్లు ఉసిళ్ళలాగా లేస్తాయి. రెండూ రుణ విద్యుత్తువే కనుక గిన్నెకు తేడా తెలియదు. అందుకని గొట్టం మెడ దగ్గర ఒక గుర్రపునాడా అయస్కాంతాన్ని పట్టీలో బిగించి ఉంచేవాళ్ళం. ఎలక్ట్రాన్ తేలిక కాబట్టి అయస్కాంతం దాన్ని పక్కకు లాగేస్తుంది. అయాను బరువు కాబట్టి లెక్కచేయకుండా తిన్నగా పోయి గిన్నెలో పడుతుంది. గొట్టం వెలుగు గోడ మీద పడకుండా ఈ సరంజామా మొత్తాన్ని ఒక నల్లగుడ్డతో కప్పేవాళ్ళం. ఇంతవరకు గుర్తుంచుకుంటే చాలు. తక్కిన ఫిజిక్సు నాకూ సరిగ్గా గుర్తులేదు.

ఎలక్ట్రాన్లు పోగా గిన్నెలో పడేది ఏమైనా ఉందా? ఆ ఏడాదంతా చుక్క గోడ మీద కదిలిందంటే కదిలింది, లేదంటే లేదు. పెద్దసారు కదిలిందనేవాడు. నేను లేదనేవాణ్ణి. మా మేస్త్రి ఇద్దరినీ చూసి, "ఎద్దు చెవి ఆడించినట్ల ఉండాది సార్, ఈగ వాలిందో లేదో" అనేవాడు.

మేస్త్రి అంటే మా లాబరేటరీ మెకానిక్. బద్వేలు వైపు నేతపనివాళ్ళ ఇంటినుంచి వచ్చాడు. గాజు ఊదడం, ఇత్తడి తరగడం, తీగలు అతకడం అన్నీ అతనే. నాకంటే చాలా పెద్దవాడు. పొద్దున్నే నుదుట విభూతి పట్టెలతో వచ్చి, నా మొహం చూసి ఒక చిన్న నవ్వు నవ్వేవాడు. అతను దేవుణ్ణి వదలలేదు, నేను అతన్ని వదలలేదు. పని లేనప్పుడల్లా వాదం పెట్టుకునేవాళ్ళం. నేను సంఘసంస్కరణ సభల్లో నేర్చిన వాదాలన్నీ అతని మీద ప్రయోగించేవాణ్ణి. అతను ఓపిగ్గా విని, "శానా బాగా చెప్తారు సార్. పూజారి గూడా మీ మాదిరి చెప్పుంటే నేను గుడికి ఇంకా ఎక్కువ పోతాంటి" అనేవాడు.

దసరా సెలవులకు ముందు కబురు వచ్చింది. పండుగ కాగానే బొంబాయి నుంచి ఒక నిపుణుడు వస్తాడు, గొట్టం చూస్తాడు, పంపు కర్నూలులో ఉండవలసినంత పని జరుగుతున్నదో లేదో తేలుస్తాడు. లేకపోతే బీరువాలతో పాటు పంపు కూడా లారీ ఎక్కుతుంది.

ఆయుధపూజ నాడు మేస్త్రి తన సరంజామా అంతా కడిగి ఒక పీట మీద పేర్చాడు. ఆకురాళ్ళు, పటకారులు, గాజు కోసే కత్తి. పసుపు, కుంకుమ, బంతిపూలు. గొట్టాన్ని కదిలించడానికి లేదు కనుక దాని గాజు మీద విభూతి పూసి, బొట్టు పెట్టి, నల్లగుడ్డ కప్పేశాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా ముట్టకూడదన్నది వాళ్ళ ఆచారం.

నేను ఆ మధ్యాహ్నం కావాలనే లాబరేటరీకి పోయాను. ఆయుధపూజ నాడు యంత్రాన్ని నడిపి చూపించాలని నా పట్టుదల. పెద్దసారు కూడా అక్కడే ఉన్నాడు. ఆయనకు ఆచారమూ లేదు, నిరాచారమూ లేదు, నిపుణుడు వస్తాడన్న దిగులు మాత్రం ఉంది.

"రేపటిదాంక ఆగండి సార్" అన్నాడు మేస్త్రి. "పూజలో పెట్టినేటివి ముట్టగూడదు."

"నీ పీట జోలికి మేము రాము మేస్త్రీ. స్విచ్చి వేస్తే నీ దేవతకు షాకు కొడుతుందా?" అన్నాను.

"ఆయమ్మకేమీ కాదు సార్. మీకేమన్నా అయితాదేమో అని."

పంపు నడిపాం. తీగ వేడెక్కింది. హైడ్రోజన్ వదిలాం. గోడ మీద చుక్క ఒక్క ఉదుటున కొలబద్ద దాటి, మూల తిరిగి, కిటికీ చెక్క మీదికి పోయి నిలిచింది.

పెద్దసారు స్టూలు మీద కూర్చుండిపోయాడు. మేస్త్రి చెంపలు వేసుకున్నాడు. నేను గాల్వనామీటరు చెడిపోయిందన్నాను. అది చెడిపోలేదు. తీగలు తారుమారయ్యాయన్నాను. అవీ కాలేదు. పెద్దసారు మెల్లగా అన్నాడు: "ఏమప్పా, ఏడాదంతా రానిది ఈ పొద్దు యాడినుంచి వచ్చె?"

మేస్త్రి నల్లగుడ్డ వైపు, దాని కింద ఉన్న గొట్టం మీది బొట్టు వైపు చూశాడు. ఆ చూపు నాకు ఒళ్ళు మండించింది.

మర్నాడు పెందలాడే పోయి, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఆ విభూతిని, కుంకుమను గీరి గీరి తుడిచేశాను. అప్పటికే మేస్త్రి ఉద్వాసన ముగించి పనిముట్లన్నీ ఎక్కడివక్కడ సర్దేశాడు. గొట్టం నడిపాం. చుక్క మళ్ళీ ఈగ వాలిన ఎద్దు చెవి అయిపోయింది.

"చెరిపినారు కదా సార్" అన్నాడు మేస్త్రి. కోపంగా కాదు, పాపం అన్నట్టు.

ఆ సాయంత్రానికి సంగతి కాలేజీ దాటింది. మర్నాటికి ఊరు దాటింది. మొదటి రకం కథ అప్పుడే పుట్టింది. బజారులో నన్ను చూసి, "ఏమి సార్, ఈ పొద్దు యేమి చెరపడానికి పోతాండారు?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

నేను ఊరుకోలేదు. బొట్టును మళ్ళీ నా చేత్తో నేనే పెట్టి నడిపాను. చుక్క కదలలేదు. గెలిచాననుకున్నాను. మేస్త్రి అన్నాడు: "బొట్టు పెడితే పూజ అయితాదా సార్? పీట ఏసి, పనిముట్లు పెట్టి, కర్పూరం ఇచ్చి చెయ్యల్ల. మీరు పెట్టింది బొట్టు కాదు, మరక."

దానికి నా దగ్గర జవాబుంది గానీ చుక్క దగ్గర లేదు. ఆ వారమంతా నేను కారణాలు కట్టాను. కర్పూరం పొగ వల్ల గదిలో గాలి మారిందన్నాను. విభూతిలో క్షారం ఉంటుంది, తేమ పీల్చి గాజు మీద కరెంటును పాకించిందన్నాను. బంతిపూల నీటివల్ల అన్నాను. మేస్త్రి కట్టింది ఒక్క దైవకారణం. నేను కట్టినవి అరడజను పైగా, ఒకదానికొకటి పొసగనివి. ఒక్కటీ పరీక్షకు నిలవలేదు.

నిపుణుడు వచ్చే రోజు పొద్దున పెద్దసారు నన్ను వరండాలోకి పిలిచాడు.

"మేస్త్రిని పూజ చేయమని చెప్పినా."

"ఎవరికి చూపించడానికి? బొంబాయి నుంచి వచ్చేవాడికా? ఆయనకు ప్రసాదం కూడా పెడదామా?"

"పంపు పోతే నువ్వేమి కొలుస్తావప్పా? నీ హేతువాదంతో గాలి తోడుతావా?"

"ఇది పూజవల్ల కాదని ఆయన ముందే చెప్తాను."

"చెప్పు. నేను అడ్డం రాను. అయితే దేనివల్లో అదీ చెప్పు. కారణం తెలియకుండా 'ఇది కాదు' అని గట్టిగా అంటే, అదీ మంత్రమే కదప్పా."

సభల్లో నన్ను ఓడించినవాళ్ళు లేరు. వరండాలో ఓడిపోయి లోపలికి వచ్చాను.

మేస్త్రి ఆ రోజు రెట్టింపు శ్రద్ధగా పూజ చేశాడు. పీట నిండా పూలు. గొట్టానికి పెద్ద బొట్టు. నల్లగుడ్డ కూడా అతనే కప్పాడు. నిపుణుడు వచ్చాడు. సన్నటి మనిషి, తెల్ల ప్యాంటు, మనవాడే, గోదావరి మాట. పీట వైపు ఒకసారి చూసి గొట్టం దగ్గరికి వచ్చాడు. గొట్టం నడిపాం. చుక్క కొలబద్ద దాటి కిటికీ మీదికి పోయింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. నేను కిటికీ వైపు చూడలేక నేల వైపు చూశాను.

"బాగుందండీ" అన్నాడు నిపుణుడు. "ఎలక్ట్రాన్లని దేంతో తప్పిస్తున్నారు?"

"అయస్కాంతంతో" అన్నాడు పెద్దసారు గర్వంగా. చూపించడానికి నల్లగుడ్డ ఎత్తాడు.

మెడ దగ్గర పట్టీ ఖాళీగా ఉంది.

పంపు ఒక్కటే గురగురమంటోంది. పెద్దసారు గుడ్డ పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. నిపుణుడు ఆ ఖాళీ పట్టీని చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ మెల్లగా అడిగాడు: "ఆ అయస్కాంతం ఎక్కడుందండీ?"

"పూజలో ఉండాది సార్" అన్నాడు మేస్త్రి.

పీట మీద, ఆకురాళ్ళకు పటకారులకు నడుమ, బంతిపూల కింద, మూడు వేళ్ళ విభూతి పట్టెలతో, నడిమధ్యన కుంకుమతో కూర్చొని ఉంది. ఆయుధపూజ నాడు కూడా అది అక్కడే ఉంది. దాన్ని చూడకుండానే మేము వారం రోజులు కొట్లాడుకున్నాం.

తర్వాత మేస్త్రి చెప్పాడు. వాళ్ళ ఇంట్లో మగ్గాన్ని గుంతలోంచి పెరికి పీట మీద పెట్టలేరు గదా. అందుకని నాడెను, అంటే పోగును అటూ ఇటూ తీసుకుపోయే ఆ చిన్న చెక్కను, ఊడదీసి పీట మీద పెడతారు. మగ్గం తరఫున నాడె పూజ అందుకుంటుంది. గొట్టంలో ఊడివచ్చేది అయస్కాంతం ఒక్కటే. కనుక గొట్టం తరఫున అది పీట ఎక్కింది. ఉద్వాసన కాగానే ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఎప్పుడూ ఉండేదే కనుక మాకు చెప్పాలని తోచలేదు. నేను బొట్టు చెరిపిన పొద్దే అతను అయస్కాంతం బిగించాడు. నాకు నా చెయ్యి మాత్రమే కనపడింది, అతని చెయ్యి కనపడలేదు.

అయితే ఇదంతా తర్వాతి మాట. ఆ క్షణాన నాకు అర్థమైంది రెండే. ఒకటి, వారం రోజులుగా వెతుకుతున్న కారణం దొరికింది; దేవత పెంచింది కాదు, మేము తీసేసింది. రెండోది, కిటికీ మీద మెరుస్తున్న ఆ చుక్క ఉత్త ఎలక్ట్రాన్ల చుక్క. పంపు లారీ ఎక్కినట్టే. వాదం గెలిచి లాబరేటరీ ఓడిపోయాను. పెద్దసారు మొహం చూస్తే గెలుపు నోటికి రాలేదు.

పెద్దసారు అన్నాడు: "మేస్త్రీ, దాన్ని తెచ్చి పెట్టు."

"ఉద్వాసన కాలేదు సార్."

"తెలుసప్పా."

మేస్త్రి పీట ముందు కూర్చున్నాడు. పెదవులు కదిలాయి. ఒంటిచేత్తో పూలు తొలగించి అయస్కాంతాన్ని ఎత్తాడు. నేను చూస్తుండగా అతను తన ఆచారాన్ని తన చేత్తోనే తెంచుకున్నాడు. నా ఉపన్యాసాలు ఎన్నేళ్ళకూ చేయించలేని పని అది. నాకేమీ సంతోషం కలగలేదు. విభూతితో, బొట్టుతో అట్లాగే తెచ్చి పట్టీలో బిగించాడు.

చుక్క కిటికీ దిగి, మూల తిరిగి, కొలబద్ద మీదుగా జారి జారి సున్నా దగ్గరకు వచ్చింది. దగ్గరకే వచ్చింది. సున్నా మీద పడలేదు. ఒక గోరంత ఇవతల ఆగింది.

నిపుణుడు గోడ దగ్గరికి పోయి వంగి చూశాడు. "హైడ్రోజన్ ఆపండి" అన్నాడు. ఆపాం. గోరంత చుక్క సున్నాకు పోయింది. "వదలండి." మళ్ళీ గోరంత ఇవతలికి వచ్చింది. "ఆపండి." పోయింది. "వదలండి." వచ్చింది. ఎంతసేపు చేయించాడో. ఏడాదంతా కదిలింది, లేదు అని కొట్లాడుకున్న మేము ఒక్కసారీ హైడ్రోజన్ ఆపి చూడలేదు. పెద్దసారు కన్ను ఉందన్నది చూసింది. నా కన్ను లేదన్నది చూసింది.

"మొదట చూపించింది ఎలక్ట్రాన్లండీ" అన్నాడు నిపుణుడు చేతులు దులుపుకుంటూ. "ఈ కాస్తా మాత్రం మీరు వెతుకుతున్నదే అయ్యుండొచ్చు."

"శానా చిన్నది సార్" అన్నాడు పెద్దసారు.

"చిన్నదేనండి. పెద్ద చుక్క చూపించి పంపు అడిగేవాళ్ళని చాలామందిని చూశాను. చూపించాక నా ముందే తగ్గించుకున్నవాళ్ళు మీరొక్కరే. పంపు ఇక్కడే ఉండనివ్వమని చెప్తాను." పోతూ పోతూ మేస్త్రి దగ్గర ఆగి అడిగాడు: "నేను అడగ్గానే అది పూజలో ఉందని చెప్పేశావేం? తెలీదంటే పోయేదిగా?"

"యాడుండాదని అడిగితిరి. ఉన్న చోటు చెప్తి. దేవుని ముందర కూర్చోబెట్టి లేదంటే బాగుంటాదా సార్?"

పంపు నిలిచింది. రాజధాని పోయింది. ఊరు మాత్రం ఈ కథలో తనకు కావలసినంతే ఉంచుకుంది: పూజ చేశారు, బొంబాయి సారు వచ్చాడు, పంపు ఆగింది. ఇందులో ప్రతి మాటా నిజమే కనుక నేను ఖండించలేకపోయాను. అయస్కాంతం సంగతి చెప్పబోతే, "అదే కదా సార్, ఆయమ్మే కూర్చునుండాది పీట మీద" అనేవాళ్ళు.

ఆ చుక్కను పెద్దసారు గోరంత నుంచి వేలెడంత దాకా పెంచాడు. అంతలో రెండో ఎండాకాలం వచ్చింది. ఎర్ర దుమ్ము పంపు నూనెలోకి దిగి, మరల్ని అరగదీసి, హైదరాబాదు చేయలేని పనిని చేసేసింది. విదేశం నుంచి రావలసిన మర రాలేదు. పెద్దసారు పెద్ద యంత్రం చూడకుండానే పోయాడు. అటువంటి గొట్టాలు తర్వాత ఇంకెక్కడో ఎవరో చేశారు. పెద్ద యంత్రాలకు అవి రెండు బాడుగలూ తెచ్చిపెడుతున్నాయని చదివాను.

మేస్త్రికీ నాకూ ఆ దసరా తర్వాత ఒక ఒప్పందం కుదిరింది. పూజ చేసుకోవచ్చు, ఎంత బొట్టయినా పెట్టుకోవచ్చు. ఏ పనిముట్టునూ దాని చోటునుంచి కదిలించకూడదు. అతను ఒప్పుకున్నాడు. పీట వేయడం మానేసి, పళ్ళెం పట్టుకొని లాబరేటరీ అంతా తిరిగి, ఎక్కడిదానికక్కడే బొట్టు పెట్టేవాడు. నల్లగుడ్డ ఎత్తి అయస్కాంతానికి పెట్టేటప్పుడు నన్ను పిలిచి, "చూసుకోండి సార్, ఉండాది" అనేవాడు. ప్రతి ఆయుధపూజకూ వచ్చి నిలబడి చూసిన నాస్తికుడు జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అతను రిటైరైన రోజు చెట్టు కింద టీ తాగుతూ నన్ను ఒక మాట అడిగాడు.

"సార్, కోపం తెచ్చుకోరు కదా? ఆ పొద్దు పూజ చేయకుంటే అయస్కాంతం తీసేటోళ్ళమా?"

"తీసేవాళ్ళం కాదు."

"తీయకుంటే, అది ఎంత పని చేస్తాండాదో మనకు తెలిసేదా? ఆ సారు హైడ్రోజను ఆపి చూడమనేటోడా? ఆ గోరంత నిజమని తేలేదా?"

నేను టీ తాగాను.

"ఊరికే అడిగినా సార్" అన్నాడు మేస్త్రి, గ్లాసు కింద పెట్టి. "మీరు జవాబు చెప్పేటోళ్ళు కదా అని."

సభల్లో ఎన్నో ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు చెప్పాను. దీనికి చెప్పబోయిన ప్రతిసారీ, పొద్దున్నే నా మొహం చూసి అతను నవ్వే ఆ చిన్న నవ్వే ముందు గుర్తొస్తుంది. మీరెవరైనా చెప్పగలిగితే నాకు కాదు, అతని పిల్లలకు చెప్పండి. బద్వేలులో ఉన్నారు, మగ్గం ఇంకా నడుస్తోంది. దసరాకు మాత్రం నాడె పీట ఎక్కదట. మగ్గంలోనే ఉంచి బొట్టు పెడతారట. ఎందుకని అడిగితే, మా నాయన పెట్టిన ఆచారం అంటారట.